‘ఇంట్లో తెలిస్తే చంపేస్తారు’

పిల్లల్ని ఆన్‌లైన్‌లో బెదిరించేవాళ్లకు అమ్మానాన్నల మీద పిల్లలకున్న భయమే పెట్టుబడి. ఆ పెట్టుబడిని ఇల్లూ బడీ కలిసి ఎలా లాగేసుకోవాలన్నదే ఈవారం ముఖచిత్ర కథనం.

రాత్రి పదకొండు దాటింది. ముందు గదిలో నాన్న టీవీ కట్టేసి పడుకున్నాడు. తొమ్మిదో తరగతి కుర్రాడు దుప్పటి ముసుగుతన్ని, అమ్మ ఫోన్ వెలుతురు బయటికి పొక్కకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వారం కిందట ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అమ్మాయి పేరుతో రిక్వెస్ట్ వచ్చింది. తన స్కూలు వాళ్లే ఇద్దరు అప్పటికే ఆ ఖాతాను ఫాలో అవుతున్నారు, ఇంకేం అనుమానం? ‘తిన్నావా’తో మొదలైన మాటలు నాలుగు రోజుల్లో వీడియో కాల్ దాకా వెళ్లాయి. ఇవాళ ఆ కాల్‌లోంచి తీసిన ఒక బొమ్మ తిరిగి వచ్చింది. దాని కింద వాడి ఫాలోయర్ల జాబితా. మేనత్త, ట్యూషన్ సార్, క్లాస్ లీడర్, అందరూ ఉన్నారందులో. ‘అయిదు వేలు పంపు. పది నిమిషాలు టైమ్.’

అమ్మ యూపీఐ పిన్ వాడికి తెలుసు. అమ్మ పక్క గదిలోనే ఉందనీ తెలుసు. వేలు డబ్బులు పంపే యాప్ మీదికి వెళ్లింది గానీ, కాళ్లు ఆ గది వైపు కదల్లేదు.

ఈ కుర్రాడికి పేరు పెట్టలేదు, ఊరు చెప్పలేదు. ఇది ఏ ఒక్క ఇంట్లోనో జరిగిన సంఘటన కాదు. డబ్బు కోసం పిల్లల్ని బెదిరించే ముఠాల తీరు ఇంచుమించు అన్ని దేశాల్లోనూ ఇదే కాబట్టి ఇలా రాశాను. ఈ తరహా బ్లాక్‌మెయిల్‌లో ఎక్కువగా చిక్కుతున్నది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలేనని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పలుమార్లు హెచ్చరించింది. ఆడపిల్లనైతే కనిపెట్టుకుని ఉండాలి, మగపిల్లాడికేం భయం అనుకునే ఇళ్లు ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి.

గీత ఎక్కడ గీయాలి?

పిల్లల చేతిలో ఫోన్ గురించి ఈమధ్య మాట్లాడుకోని ఇల్లు లేదు. 2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియాలో 16 ఏళ్లు నిండనివారికి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ లాంటి వాటిలో ఖాతా ఉండటానికి వీల్లేదు. పట్టించుకోని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా. పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్షేమీ లేదు. 2026 జనవరిలో దావోస్ వెళ్లిన ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్, ఆ చట్టాన్ని తామూ పరిశీలిస్తున్నామని చెప్పడంతో చర్చ మన గుమ్మంలోకే వచ్చింది.

మన దేశంలోనూ చట్టముంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లల కిందే లెక్కగడుతుంది. వారి సమాచారం తీసుకునే ముందు తల్లిదండ్రుల అనుమతి నిజంగా ఉందో లేదో కంపెనీ సరిచూసుకోవాలి. పిల్లలు ఏం చూస్తున్నారో గమనిస్తూ, దాన్నిబట్టి వారికి గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువిచ్చారు. ఆ నవంబరులో తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్ల, పదో తరగతి పరీక్షలు రాసేశాక గానీ ఆ రక్షణ అందదన్నమాట.

కంపెనీల విషయంలో ఈమాత్రం కఠినంగా ఉండాల్సిందే. పిల్లల కళ్లను తెరకు కట్టేయడమే వ్యాపారమైన చోట బతిమాలితే పనులు కావు. కానీ వయసు అడిగే ఏ గేటైనా ఫోన్ ఎవరి పేరు మీద ఉందో చూడగలదు, పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూడలేదు. మన ఇళ్లలో చిక్కంతా అక్కడుంది.

అమ్మ ఫోన్‌లో పిల్లలు

‘అసర్ 2024’ సర్వేలో భాగంగా ప్రథమ్ సంస్థ దేశంలోని పల్లెటూళ్లలో 14-16 ఏళ్ల పిల్లల్ని ఫోన్ వాడకం గురించి అడిగింది. దాదాపు 90 శాతం మంది ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందన్నారు. 82 శాతం మందికి వాడటం వచ్చు. వాడటం వచ్చిన 14 ఏళ్ల వారిలో సొంత ఫోన్ ఉన్నది 27 శాతానికే, 16 ఏళ్ల వారిలో సుమారు 38 శాతానికి. తక్కినవాళ్లు వాడేది అమ్మదో, నాన్నదో, అన్నదో, తాతదో. ఆ ఫోన్‌లో జీమెయిల్ నాన్నది, యూట్యూబ్ నాన్నది. కంపెనీ లెక్కలో చూస్తున్నది నలభై అయిదేళ్ల మగమనిషి. నిజంగా చూస్తున్నది పన్నెండేళ్ల పిల్ల.

ఆ సర్వేలో ఇంకో సంగతి నన్ను కలవరపెట్టింది. అడిగిన నాటికి ముందు వారంలో చదువు కోసం ఫోన్ పట్టినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియా కోసం పట్టినవాళ్లు 76 శాతం. సోషల్ మీడియా వాడేవారిలో అవతలి ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడమో, దానిపై ఫిర్యాదు చేయడమో తెలిసినవాళ్లు 62 శాతమే. తమ ఖాతాను ప్రైవేట్‌గా మార్చుకోవడం తెలిసినవాళ్లు 55 శాతం. వెంటపడేవాడి మొహాన తలుపు ఎలా వేయాలో అయిదుగురిలో ఇద్దరికి తెలియదు.

ఈ ఫోన్‌ను పిల్లల చేతికిచ్చింది పెద్దలే, అదీ చదువు కోసం. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠాలు వాట్సాప్‌లోకి వచ్చాయి. బడులు తెరిచాక కూడా హోంవర్క్ అక్కడే ఉండిపోయింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. 2023 ఆగస్టులో బడుల్లో సెల్‌ఫోన్లు వద్దంది. రెండిటికీ కారణాలున్నాయి, కాదనను. ఎవరైనా వెంటపడి వేధిస్తే ఎవరికి చెప్పాలన్న పాఠం మాత్రం ఈ రెండిటి మధ్యా మిగిలిపోయింది.

చెప్పడానికి మనిషి ఎదురుగా లేని ఇళ్లూ ఉన్నాయి. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. గోదావరి జిల్లాల్లో, కడప వైపు ఎన్నో ఇళ్లలో అమ్మే కువైట్‌లో ఉంటుంది. పిల్లలు నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరుగుతారు. ఆ పెద్దావిడకు వీడియో కాల్ ఎత్తడం కూడా మనవడే నేర్పి ఉంటాడు. గురుకులం పిల్లలది ఇంకో తీరు. నెలల తరబడి ఫోన్ ముట్టరు, దసరా సెలవులకు ఇంటికి రాగానే రోజంతా అదే లోకం. ఇలాంటి పిల్లలకు తొలి దిక్కు బడే కావాలి.

‘మీ నాన్నకు పంపిస్తా’

బెదిరించేవాడికి మన ఇంటి గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు: ఈ పిల్ల ఇంట్లో చెప్పదు. మగపిల్లాడికి నాన్న బెల్టు తీస్తాడని భయం. ఆడపిల్లకు అంతకు మించిన భయం. ఫోన్ పోతుంది, చదువు ఆగుతుంది, నెల తిరగకుండా పెళ్లిచూపుల మాట మొదలవుతుంది. ‘మీ నాన్నకు పంపిస్తా’ అన్న మూడు మాటలకు అంత బలం ఎక్కడిది? పరువు పేరుతో మనమిచ్చిందే.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో పిల్లలపై సైబర్ నేరాల కేసులు 2021లో 1,376, 2022లో 1,823. కోట్ల మంది పిల్లలున్న దేశానికి ఈ అంకె నమ్మశక్యంగా ఉందా? ఇవి నోరు విప్పగలిగిన ఇళ్ల కేసులు మాత్రమే.

2023 సెప్టెంబరులో స్పెయిన్‌లోని అల్మెంద్రలేహో అనే చిన్న పట్నంలో ఇరవై మందికి పైగా బాలికల నగ్న చిత్రాలు ఫోన్లలో తిరిగాయి. అసలు ఫొటోల్లో వాళ్లు ఒంటినిండా బట్టలతోనే ఉన్నారు. ఊళ్లోని మగపిల్లలే ఏఐ యాప్‌తో వాటిని మార్చేశారు. బాధితుల్లో ఒక అమ్మాయి తల్లి స్త్రీవైద్యురాలు. ఆమె తలుపులు వేసుకుని ఏడవలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో పెట్టి, జరిగిందేమిటో ఊరందరికీ చెప్పింది. తల్లులంతా ఒక్కటయ్యారు. 2024 జులైలో న్యాయస్థానం 15 మంది మైనర్లకు ఏడాది పాటు అధికారుల పర్యవేక్షణలో ఉండాలని, సాంకేతికతను బాధ్యతగా వాడటంపై తరగతులకు హాజరు కావాలని తీర్పు చెప్పింది. అందరికీ అందరూ తెలిసిన అలాంటి ఊరు మన జిల్లాకు పదులున్నాయి. సిగ్గుపడాల్సింది ఆడపిల్లలు కాదని ఒక పెద్దమనిషి పైకి అనగలిగింది కాబట్టే అక్కడ దారి దొరికింది.

మన ఇళ్లలో ఆ మాట ఎలా ఉండాలి? నాకు తోచినంతలో ఇలా: ‘నాన్నా, ఫోన్‌లో ఎవరైనా ఇబ్బంది పెడితే, నువ్వే ఏదైనా పంపి ఉన్నా సరే, ముందు నాకు చెప్పు. కొట్టను, ఫోన్ లాక్కోను, చదువు ఆపను.’ ప్రమాదం వచ్చాక ఈ మాట చెప్పి లాభం లేదు. అప్పటికే పిల్లాడు తలుపేసుకుని ఉంటాడు. ట్యూషన్‌కి బండి మీద దింపుతున్నప్పుడో, ఇద్దరూ కలిసి అన్నం తింటున్నప్పుడో మామూలుగా అనాలి. ఏడాదిలో నాలుగైదు సార్లు అనాలి. పిల్ల నిజంగా వచ్చి చెప్పిన రోజున ఆ మాట నిలబెట్టుకోవడమే కష్టం. చెయ్యి లేస్తుంది, ‘నీకెన్నిసార్లు చెప్పాను’ అని గొంతు లేస్తుంది. ఒక్కసారి అలా జరిగితే ఆ పిల్ల ఇక రాదు. ఇంట్లో చెల్లెలుంటే, చూసిన ఆ పిల్ల కూడా రాదు.

◼ ఆ రాత్రి ఏం చేయాలి?

డబ్బు పంపొద్దు. పంపితే వదిలేస్తారనుకోవద్దు, ఇంకా అడుగుతారు.

చాట్ చెరిపేయొద్దు. యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ, బెదిరింపు మెసేజీల స్క్రీన్‌షాట్లు దాచాలి. ఆ తర్వాతే ఖాతాపై ఫిర్యాదు చేసి బ్లాక్ చేయాలి.

డబ్బు ఇప్పటికే పోయి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పిల్లలపై లైంగిక నేరాల గురించి పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. అత్యవసరమైతే 112. మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416.

ఆ రాత్రి పిల్లాడిని ఒంటరిగా పడుకోనివ్వొద్దు.

ఫొటో ఎవరికీ చూపకుండానే

‘అది నెట్‌లో ఎప్పటికీ ఉండిపోతుంది’ అన్న దిగులు పిల్లల్ని అన్నిటికన్నా కుంగదీస్తుంది. చేయగలిగింది చాలానే ఉంది. తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ నడుపుతోంది. ఫొటో తీసిన నాటికి 18 ఏళ్లు నిండనివారు ఎవరైనా, ఏ దేశం నుంచైనా వాడుకోవచ్చు. ఫొటో ఎవరికీ పంపనక్కర్లేదు. మన ఫోన్‌లోనే ఆ ఫొటోకు వేలిముద్రలాంటి ఒక సంకేతం తయారవుతుంది, ఆ సంకేతం మాత్రమే సంస్థకు చేరుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ సహా ఇందులో చేరిన కంపెనీలు తమ దగ్గర అదే ముద్ర ఉన్న బొమ్మ కనబడితే తీసేస్తాయి. పేరు చెప్పనక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ల సంతకమూ అక్కర్లేదు. ప్రతి హైస్కూలు నోటీసు బోర్డు మీదా ఉండాల్సిన సమాచారమిది.

పెద్దవాళ్లు తెలియక చేసే పని ఒకటుంది. ‘చూడండి, ఎంత ఘోరమో’ అంటూ ఆ వీడియోను అపార్ట్‌మెంట్ గ్రూపులోనో, బంధువుల గ్రూపులోనో పెట్టడం. ఖండించడానికే అయినా పంపకూడదు. పిల్లల అశ్లీల చిత్రాలను పంపడం, పంచడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. మొదటిసారే అయిదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా ఉంటాయి. అలాంటివి దగ్గర పెట్టుకోవడం, చూడటం కూడా నేరమే అవుతుందని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

స్టేషన్ మెట్లెక్కాలా?

చాలా ఇళ్లలో ఫిర్యాదు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. పోక్సో చట్టం 2012లోనే దీనికి జవాబు రాసిపెట్టింది. పిల్లల వాంగ్మూలాన్ని వాళ్ల ఇంట్లోనే, లేదా వాళ్లు కోరుకున్న చోట తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై, ఆ పై హోదా ఉన్న మహిళా అధికారే రావాలి. ఖాకీ దుస్తుల్లో రాకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫొటో, బడి, ఇల్లు, ఏదీ బయటపెట్టకూడదు. ఆన్‌లైన్‌లో పదేపదే వెంటపడటం, అసభ్య చిత్రాలు చూపి బెదిరించడం కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. తెలంగాణలో భరోసా కేంద్రాలున్నాయి. 2016లో హైదరాబాద్‌లో మొదలైన ఈ కేంద్రాల్లో పోలీసు సాయం, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకే కప్పు కింద దొరుకుతాయి.

బడి యాజమాన్యాలకూ ఒక మాట. ‘బయటికి పొక్కితే అడ్మిషన్లు పోతాయి, లోపలే సర్దేద్దాం’ అనుకుంటే అదే నేరమవుతుంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది దాకా.

బడి గోడ మీది ఫ్లెక్సీ

పిల్లల సమాచారాన్ని పిల్లలే పంచేసుకుంటున్నారని నిందిస్తాం. పదో తరగతి ఫలితాలొచ్చిన మర్నాడు ఏ పట్నంలోనైనా మెయిన్ రోడ్డు మీద నడిచి చూడండి. ఫ్లెక్సీల నిండా పిల్లల మొహాలు, పూర్తి పేర్లు, మార్కులు, బడి పేరు, బ్రాంచి. ఆ ఫ్లెక్సీలే బడి ఫేస్‌బుక్ పేజీలోనూ ఉంటాయి. వార్షికోత్సవంలో అయిదో తరగతి అమ్మాయిల డ్యాన్సు బడి యూట్యూబ్ చానల్‌లో కామెంట్లు తెరిచిపెట్టి ఉంటుంది. ఆ కామెంట్లు ఎవరైనా చదువుతున్నారా? దాని కింద ఎవరో మగవాళ్లు రాసే రాతలు చూస్తే ఏ ప్రిన్సిపలూ ఆ వీడియోను అక్కడ ఉంచరు.

ఇంట్లో మనం చేసేదీ తక్కువేం కాదు. 2024 జులైలో తెలుగువాళ్లందరూ చూశారు. ఒక తండ్రీ చిన్నారి కూతురూ సరదాగా చేసిన రీల్ మీద కొందరు యువకులు యూట్యూబ్‌లో కూర్చుని వినలేని మాటలన్నారు. నటుడు సాయి దుర్గా తేజ్ ఎక్స్‌లో దాన్ని బయటపెట్టి ప్రభుత్వాలను కదిలించారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, ప్రధాన నిందితుడిని అరెస్టు చేసి, పోక్సో సెక్షన్లు చేర్చింది. ఆ తండ్రి తప్పు రవ్వంత కూడా లేదు. కానీ ముద్దొచ్చి పెట్టిన వీడియో ఎవరి చేతుల్లో పడుతుందో మన చేతుల్లో లేదని ఆ వారం ఇంటింటా అర్థమైంది. యూనిఫాం, బ్యాడ్జీ, బడి బస్సు నంబరు కనిపించే ఫొటోలు బహిరంగ ఖాతాల్లో పెట్టకపోతే పిల్లల బాల్యానికి వచ్చే లోటేమీ లేదు.

తరగతి వాట్సాప్ గ్రూపు సంగతీ చూడాలి. అరవై మంది తల్లిదండ్రుల నంబర్లు అందరికీ కనిపిస్తుంటాయి. ఆ ఫోన్లు సాయంత్రానికి పిల్లల చేతుల్లో ఉంటాయి. అడ్మిన్ మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చడం ఒక్క నిమిషం పని. కమ్యూనిటీ ప్రకటనల గ్రూపుగా పెడితే ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు.

ఆ పుట్టినతేదీ నిజమేనా?

2025 ఫిబ్రవరిలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో టీన్ ఖాతాలు తెచ్చింది. టీనేజీ పిల్లల ఖాతా దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, పరిచయం లేనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 ఏళ్లలోపు వారు వీటిని సడలించుకోవాలంటే పెద్దల అనుమతి కావాలి. అన్నీ మంచివే. ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం వెనక్కి జరిపి ఉంటే మాత్రం ఈ తాళాలు పడవు. అందుకే పిల్లల పక్కన కూర్చుని, దొంగను పట్టుకున్నట్టు కాకుండా, ముందు ఆ తేదీ సరిచేయించాలి. వాట్సాప్‌లో మనల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చన్న సెట్టింగును ‘మై కాంటాక్ట్స్’కు మార్చాలి. చిన్నపిల్లల ఫోన్‌కు గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోవచ్చు.

యూపీఐ పిన్ పిల్లలకు తెలిసిపోతే ఆ రోజే మార్చేయాలి. డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. మామూలు ఆటల్లో తుపాకులకూ దుస్తులకూ వజ్రాలకూ పెట్టే ఖర్చు మాత్రం అలాగే ఉంది. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవాలి.

ముందు చెప్పేది స్నేహితుడికే

పదమూడేళ్ల పిల్లాడు కష్టమొస్తే ముందు అమ్మకు చెప్పడు, టీచర్‌కు చెప్పడు, పక్క బెంచీ వాడికి చెబుతాడు. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి ప్రభుత్వ బడుల్లో పిల్లలనే ‘సైబర్ అంబాసిడర్లు’గా తయారుచేసే కార్యక్రమం చేపట్టడంలో నాకు నచ్చింది ఇదే. పక్క బెంచీ వాడికి ‘డబ్బు పంపకు, చాట్ చెరపకు, పద, మేడం దగ్గరికెళ్దాం’ అని చెప్పడం తెలిసి ఉంటే సగం ప్రమాదం అక్కడే తప్పుతుంది. ఆ మేడం ఎవరన్నది బడి ముందే తేల్చి ఉంచాలి. లెక్కలు చెప్పే టీచరైనా సరే, పీఈటీ సారైనా సరే. పిల్లలు భయపడని మనిషి కావాలి. ఎవరి దగ్గరికైతే వెళ్తారో పిల్లలనే చీటీ మీద రాయమంటే వాళ్లే ఎంచుకుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు జరుగుతున్నాయి. రాష్ట్రమంతటా ఒకేరోజు, లక్షలాది తల్లిదండ్రులు బడికి వస్తున్నారు. ముగ్గులు, ఆటలు, భోజనాలు, మార్కుల ముచ్చట్లు అయ్యాక ఒక్క అరగంట దీనికివ్వండి. ఆ చీటీల్లో పిల్లలు ఎంచుకున్న టీచర్‌ను వేదిక మీదికి పిలిచి తల్లిదండ్రులకు పరిచయం చేయండి. ఆ పేరు, 1930, 1098 నంబర్లతో పాటు బాలికల టాయిలెట్ల దగ్గరా, బాలుర టాయిలెట్ల దగ్గరా గోడ మీద రాయించండి. నలుగురి కళ్లు పడకుండా పిల్లలు తీరిగ్గా చదువుకోగలిగేది అక్కడే.